ద్రవ ఎరువుల చరిత్ర: కుణపజలం, కంపోస్టు, జీవామృతం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మ ధరను నిర్ణయించే వాటిలో రంగు ముఖ్యమైనది. పసుపుపచ్చగా మెరిసే దిమ్మకు మంచి ధర, నల్లబడిన దిమ్మకు తక్కువ ధర. ఆ నల్లబెల్లం నాటుసారా బట్టీలకు చేరుతుందన్న అనుమానంతో ఎక్సైజు శాఖ దానిపై నిఘా పెడుతూ వచ్చింది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతు మాత్రం ఆ నల్లబెల్లాన్నే అడిగి కొంటున్నాడు. అది జీవామృతం డ్రమ్ములోకి వెళుతుంది.

ఈ ద్రావణం "అనాదిగా మన పూర్వీకులు వాడినది" అన్న మాట మీరు కరపత్రాలలో చదివే ఉంటారు. ఆ మాటకు ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. తయారీ

ఎకరానికి సరిపడే జీవామృతానికి 200 లీటర్ల నీరు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, పొలం గట్టు నుంచి తీసిన గుప్పెడు మట్టి కావాలి. డ్రమ్మును నీడలో ఉంచి, గోనెసంచి కప్పి, రోజుకు రెండుసార్లు కర్రతో కలుపుతారు. 48 గంటలు పులిసిన తరువాత వాడటం మొదలుపెట్టి, వారం లోపల ముగించాలని సూచిస్తారు. కాలువ నీటితో పారించేటప్పుడు వడకట్టకపోయినా నడుస్తుంది. పిచికారీకి గాని, డ్రిప్పుకు గాని వాడితే పలుచని గుడ్డతో రెండుసార్లయినా వడపోయాలి. లేకుంటే పేడలోని పీచు నాజిల్‌ను మూసేస్తుంది. డ్రమ్ము దగ్గర ఎక్కువ శ్రమ ఈ వడపోతదే.

2. ప్రాచీన ఆధారం ఏమి చెబుతోంది?

సురపాలుడు సంస్కృతంలో రాసిన 'వృక్షాయుర్వేదం' సుమారు క్రీ.శ. 1000 నాటిదని పరిశోధకుల అంచనా. దీని ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదాన్ని సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. చెట్లకు పోసే పులిసిన ద్రవ ఎరువు 'కుణపజలం' ఇందులో వివరంగా ఉంది.

కుణపం అంటే శవం. సురపాలుడు చెప్పిన కుణపజలంలో అడవిపంది మాంసం, మెదడు, రక్తం, ఎముకల మూలుగ ముఖ్యమైన పదార్థాలు. వాటిని నీటితో కలిపి భూమిలో పాతి ఉంచాలి. మరో విధానంలో మాంసాన్ని ఉడికించి, నువ్వుల చెక్క, తేనె, నానబెట్టిన మినుములు, నెయ్యి చేర్చి, పక్షం రోజులు వెచ్చని చోట ఉంచాలి. ద్రవ ఎరువును పులియబెట్టి వాడటం ఈ దేశంలో వెయ్యేళ్ల నాటికే తెలుసునని దీనిని బట్టి చెప్పవచ్చు. అయితే నేటి జీవామృతం ఇది కాదు. పదార్థాలు వేరు, ఉద్దేశించిన మొక్కలు కూడా చాలావరకు వేరు. సురపాలుని దృష్టి తోటలపై ఉంటే, జీవామృతం పొలానికి ఎకరాల లెక్కన తయారైంది. రెండింటిలో మినుము వంటి పప్పుధాన్యం కనిపించడం ఆసక్తికరమే గాని, అంతమాత్రాన అవిచ్ఛిన్న సంప్రదాయం ఉందని తేల్చలేము.

3. వలస పాలన కాలం

1889లో భారతదేశానికి వచ్చిన జె.ఎ. వోల్కర్, 1893లో వెలువడిన తన నివేదికలో పేడ పిడకలై పొయ్యిలోకి పోవడాన్నీ, పశువుల మూత్రం వృథా కావడాన్నీ ప్రస్తావించాడు. ఆ తరువాత ఆల్బర్ట్ హోవార్డ్ ఇందూరులో చెత్త, పేడ, మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలుగా పేర్చి కంపోస్టు చేసే పద్ధతిని రూపొందించాడు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దానిని గ్రంథంగా ప్రచురించాడు. ఇది ఘన ఎరువు. 1913లో అనకాపల్లిలో మొదలైన చెరకు పరిశోధన కేంద్రం కూడా ఆ తరం సంస్థలలో ఒకటి.

4. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాప్తి

జీవామృతానికి నేటి రూపం ఇచ్చినవాడు మహారాష్ట్రలోని అమరావతి జిల్లాకు చెందిన సుభాష్ పాలేకర్. అంటే ఇది ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల సూత్రీకరణ. మన రాష్ట్రంలో దీనికి నేల ముందే సిద్ధమైంది. 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగును ప్రోత్సహించింది. 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థ మొదట రుణ ఉపశమన పథకం కోసం పుట్టినది కావడం గమనార్హం. అదే సంస్థ 2016 నాటికి 704 గ్రామాలలో సుమారు 40 వేల మంది రైతులతో ప్రకృతి వ్యవసాయాన్ని ప్రారంభించింది. ఆవు లేని రైతుల కోసం ఊళ్లలో ద్రావణాలు అమ్మే దుకాణాలు వెలిశాయి. 'పెట్టుబడి లేని' సాగు అన్న పేరు ఇక్కడే ఇబ్బందిలో పడింది. బెల్లం కొనాలి, పిండి కొనాలి, కలపడానికి మనిషి కావాలి. తరువాత కార్యక్రమం పేరు ప్రకృతి వ్యవసాయంగా మారడం సబబే.

5. పరీక్ష, వివాదం

ఒక చిన్న లెక్క చేద్దాం. పచ్చిపేడలో నత్రజని అర శాతం లోపే. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పిండి కలిపితే డ్రమ్ములో ఉండే నత్రజని సుమారు 200 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోలుంటుంది. కనుక జీవామృతాన్ని ఎరువుగా సమర్థించడం కష్టం. సమర్థకులు కూడా అలా అనరు. అది నేలలో సూక్ష్మజీవులను పెంచే తోడు వంటిదని వారి వాదన. 2019 జూలై బడ్జెట్ ప్రసంగంలో ఈ సాగుకు చోటు దక్కగా, అదే ఏడాది జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీనికి శాస్త్రీయ నిరూపణ లేదని అభ్యంతరం తెలిపింది.

సూక్ష్మజీవుల వాదనను పరీక్షించవచ్చు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో జీవామృతంలోని సూక్ష్మజీవుల సంఖ్య 9 నుంచి 12 రోజుల మధ్య గరిష్ఠంగా కనిపించింది. వారం లోపల వాడాలన్న సూచనతో ఇది పొసగదు. డ్రమ్ము దగ్గర రైతు చూసేది వాసన, నురగ. పుల్లని వాసన వస్తే సరి, కుళ్లు వాసన వస్తే పారబోత.

ముక్కుకు తెలియనివి కొన్ని ఉన్నాయి. 1990ల నుంచి అమెరికాలో కంపోస్టును నీటిలో నానబెట్టి, పంపుతో గాలి ఊది తయారుచేసే 'కంపోస్టు టీ' ప్రాచుర్యం పొందింది. దానికి మొలాసిస్ చేర్చితే ఈ.కోలై వంటి హానికర బ్యాక్టీరియా కూడా పెరగవచ్చని అక్కడి సేంద్రియ ప్రమాణాల మండలి నియమించిన బృందం 2004లో హెచ్చరించి, పరీక్షలు సిఫారసు చేసింది. మన డ్రమ్ములో కంపోస్టు బదులు పచ్చిపేడే ఉంది, మొలాసిస్ బదులు బెల్లం ఉంది. నేలకు పోసి, పంట కోతకు నెలల వ్యవధి ఉన్న చెరకు, వరి విషయంలో ఈ ప్రమాదం స్వల్పం. కొత్తిమీర వంటి, పచ్చిగా తినే ఆకులపై కోతకు ముందు పిచికారీ చేయడం మాత్రం వేరే సంగతి. అక్కడ ప్రయోగశాల పరీక్షే ఆధారం.