బొప్పి కట్టని దెబ్బ

మా అనంతపురంలో స్కూలు గ్రౌండంటే మీకు తెలిసిందేగా, రాయిలాంటి ఎర్రనేల. మావాడు కబడ్డీలో వెల్లకిలా పడ్డాడు. "బొప్పి కూడా కట్టలేదమ్మా" అన్నారు సారు. ఇంటికొచ్చి "ఈరోజేం వారం?" అని మూడుసార్లు అడిగాడు. డాక్టరు కంకషన్ అన్నారు. లోపల మెదడు అదిరితే పైకేమీ కనబడదట.

ఆ రాత్రి నిద్రపట్టక దీని చరిత్ర వెదికాను. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా ఫీల్డింగ్ చేస్తున్న రమణ్ లాంబా తలకు బంతి తగిలింది. తనే నడిచి బయటికెళ్లాడు. మూడు రోజులకు పోయాడు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెట్ తల దెబ్బతోనే మళ్లీ ఆటకు దిగి మంచానపడ్డాడు. 2009లో వాడి పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది: అనుమానం రాగానే ఆట ఆపాలి, డాక్టరు రాసిచ్చేదాకా దించకూడదు.

అదే 2009లో మన విద్యాహక్కు చట్టం వచ్చింది. ప్రైవేటు స్కూలుకైనా ఆటస్థలం ఉండాలంది. అందులో పడిన పిల్లాడి తల గురించి ఒక్క ముక్క లేదు!

సోమవారం వాడి డైరీలో నేనే రాశాను: "డాక్టరు చీటీ వచ్చేదాకా ఆటకు పంపొద్దు." సారు కింద సంతకం పెట్టి పంపారు. పక్కింటామె దాన్ని ఫోటో తీసుకుంది.