ప్రిన్స్ ఆఫ్ పర్షియా: పుణెలో మొదలై మధ్యలోనే ఆగిన రీమేక్

పాత వీడియో గేమ్‌లను నేటి యంత్రాల కోసం తిరిగి తయారు చేయడం కొన్నేళ్లుగా పెద్ద వ్యాపారం. గెంతుతూ, గోడలెక్కుతూ, ఉచ్చులు తప్పించుకుంటూ సాగే ‘ప్లాట్‌ఫామ్ అడ్వెంచర్’ ఆటలకు ఇందులో మంచి గిరాకీ ఉంది. ‘టూంబ్ రైడర్’, ‘ఫ్లాష్‌బ్యాక్’ వంటివి ఇలాగే మళ్లీ వచ్చాయి. ఈ పని ఎంత చిక్కైనదో చెప్పేది మాత్రం భారత్‌తో నేరుగా ముడిపడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కథ.

రీమాస్టర్ వేరు, రీమేక్ వేరు

పాత ఆటను అలాగే ఉంచి బొమ్మ, ధ్వని నాణ్యత పెంచితే అది రీమాస్టర్. పాత హిట్ సినిమాను 4కేలో మళ్లీ విడుదల చేయడం లాంటిది. కథను, అమరికను తీసుకుని మొత్తం కొత్తగా నిర్మిస్తే రీమేక్. ఇందులో ఖర్చు ఎక్కువ, పాత అభిమానులతో పోలిక తప్పదు.

అసలు ఆట

అమెరికన్ రూపకర్త జోర్డన్ మెక్నర్ 1989లో యాపిల్-2 కంప్యూటర్ కోసం దీన్ని విడుదల చేశారు. చెరలో ఉన్న రాకుమారిని కాపాడటానికి ఆటగాడికి దొరికేది గంట సమయం. మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడం, గెంతడం వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునూ గీసుకుని కథానాయకుడికి కదలికలు ఇచ్చారు. రోటోస్కోపింగ్ అనే ఈ పద్ధతి వల్ల రాకుమారుడికి మనిషి బరువు వచ్చింది. అడుగు వేశాక వెంటనే ఆగడు, గెంతాక గాలిలో దిశ మారడు. ముందే లెక్క వేసుకోకపోతే ముళ్ల మీద పడటం ఖాయం.

మెమరీ చాలక మరో శత్రువు బొమ్మలకు చోటు లేకపోతే, రాకుమారుడి బొమ్మలనే మార్చి ‘నీడ మనిషి’ని సృష్టించారు. ఆటలో గుర్తుండిపోయే పాత్ర అలా పుట్టింది.

తిరిగి చేసిన ప్రయత్నాలు

2007లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా క్లాసిక్’ పాత గదుల అమరికను దాదాపు అలాగే ఉంచి రూపురేఖలు మార్చింది. ఆట చిన్నది కాబట్టి ఆ పద్ధతి సరిపోయింది.

2003 నాటి త్రీడీ ఆట ‘ది శాండ్స్ ఆఫ్ టైమ్’ దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. బాకు సాయంతో కాలాన్ని వెనక్కి తిప్పి, చేసిన పొరపాటును దిద్దుకోవడం దీని ప్రత్యేకత. దీని రీమేక్‌ను యూబీసాఫ్ట్ 2020 సెప్టెంబరులో ప్రకటించింది. బాధ్యత పుణె, ముంబయి స్టూడియోలది. అప్పటివరకు ఎక్కువగా ఇతర స్టూడియోల ఆటలకు సహాయక పని చేసిన భారతీయ బృందాలు అంతర్జాతీయ పేరున్న ఆటకు సారథ్యం వహించడం విశేషంగా కనిపించింది.

ట్రైలర్ రాగానే గ్రాఫిక్స్ పాతగా ఉన్నాయని విమర్శలొచ్చాయి. 2021 జనవరి 21 నాటి విడుదల మార్చికి, తర్వాత నిరవధికంగా వాయిదా పడింది. 2022 మేలో పని మాంట్రియల్ స్టూడియోకు వెళ్లింది. 2003 నాటి ఆటను తయారుచేసింది ఆ స్టూడియోనే. 2026లో తెస్తామని 2024లో చెప్పిన సంస్థ, 2026 జనవరిలో ప్రాజెక్టునే రద్దు చేసింది. ఇందులో నష్టపోయింది అభిమానులే కాదు. భారతీయ స్టూడియోలకు సొంత పేరు తెచ్చే అవకాశమూ చేజారింది.

చిక్కు ఎక్కడ?

అభిమానులు గుర్తుపెట్టుకునేది పాత బొమ్మలను కాదు, అవి కలిగించిన అనుభూతిని. ఉన్నది ఉన్నట్టు చేస్తే పాతబడిందంటారు, మార్చితే ఆత్మ పోయిందంటారు. 2024 జనవరిలో వచ్చిన ‘ది లాస్ట్ క్రౌన్’ మూడో దారి పట్టింది. పక్కనుంచి చూసే పాత పద్ధతికి తిరిగి వెళ్లి, కొత్త కథానాయకుడితో కొత్త కథ చెప్పి విమర్శకుల మెప్పు పొందింది.

మరోవైపు అసలు ఆట భద్రంగానే ఉంది. పోయిందనుకున్న సోర్స్ కోడ్ ఫ్లాపీలు 2012లో మెక్నర్ తండ్రి ఇంట్లో బయటపడ్డాయి. కోడ్‌ను ఆయన గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంచారు. దాని ఆధారంగా అభిమానులు బీబీసీ మాస్టర్ అనే 1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్‌లోనూ ఆటను నడిపించారు. రీమేక్ వచ్చినా రాకున్నా, మూలాన్ని కాపాడుకుంటేనే పాత ఆట తర్వాతి తరానికి అందుతుంది.