తాలూకాదారు: ఒక మాట, రెండు కాలాలు



సాలార్‌జంగ్ అనగానే మనకు మ్యూజియమూ, అందులోని గంటలు కొట్టే గడియారమూ గుర్తుకు వస్తాయి. ఆ సేకరణలో అధికభాగం మూడవ సాలార్‌జంగుది. నేను చెప్పబోయేది ఆయన తాతగారైన మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్ గురించి.

తెలుగు పండితుణ్ణి కనుక చరిత్ర చదువుతున్నా నా దృష్టి మాటల మీదికే పోతుంది. ఖజానా, జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు - ఇవన్నీ పారశీకం దారిన వచ్చి మనవైపోయినవే. వాటి సరసన చేరిన ‘తాలూకాదారు’ అనే మాటలో నిజాం రాజ్య ఆర్థిక చరిత్ర కొంత దాగి ఉంది.

1853కు ముందు తాలూకాదారు అంటే గుత్తదారు. ఒప్పుకున్న మొత్తం సర్కారుకు కట్టి, పైన పిండుకున్నది తానే ఉంచుకొనేవాడు. వచ్చే ఏడు గుత్త తనకే దక్కుతుందన్న భరోసా లేదు. ఇక చెరువు పూడితేనేమి, రైతు ఊరు విడిస్తేనేమి?

అటు ఖజానా నిండేది కాదు. కంపెనీవారి అజమాయిషీలోని సైన్యానికి జీతాలివ్వడానికి పేష్కారు చందూలాల్ పామర్ కంపెనీ వద్ద నూటికి 20కి పైబడిన వడ్డీకి అప్పులు చేశాడు. ఆ అప్పు తీర్చేందుకు, ఉత్తర సర్కారులపై నిజాముకు ఏటా రావలసిన 7 లక్షల పేష్కషును 1823లో శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. అందుకు ప్రతిఫలం 1,16,66,666 రూపాయలు. లెక్క వేసి చూడండి: నూటికి 6 వంతున కట్టిన వెల అది! అంత హెచ్చు వడ్డీ అప్పుకు ఇంత తక్కువ వడ్డీ లెక్కన ఆస్తి పోయింది. అయినా సైన్యం బాకీలు ఆగలేదు. 1853 మే నెలలో బీరారు, రాయచూరు అంతర్వేది కంపెనీ అధీనంలోకి వెళ్ళాయి.

ఆ నెలలోనే 24 ఏళ్ల తురాబ్ అలీ దివాన్ అయ్యాడు. తాకట్టులో ఉన్న తాలూకాలను అరబ్బు జమేదార్ల నుండి, షావుకార్ల నుండి క్రమంగా విడిపించాడు. గుత్తలు తొలగించి, జీతం పుచ్చుకొనే తాలూకాదారులను నియమించాడు. 1865లో జిలాబందీ ద్వారా రాజ్యాన్ని జిల్లాలుగా ఏర్పరచాడు. ధాన్యరూపంలోని శిస్తు నగదుగా మారింది. మాట అదే, మనిషి మారాడు: నిన్నటి గుత్తదారు పేరే నేటి ఉద్యోగి హోదా అయింది. న్యాయ, రెవెన్యూ, పోలీసు శాఖలూ, దారుల్ ఉలూం వంటి విద్యాలయమూ, 1874లో సికింద్రాబాదుకు వచ్చిన రైలూ ఆయన పాలనలోనివే.

లోపాలు లేకపోలేదు. జాగీర్లు, పాయెగాలు, నిజాం సొంత సర్ఫెఖాస్ భూములు ఈ కట్టుబాటుకు వెలుపలే ఉండిపోయాయి. అక్కడి రైతు 1949 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. రాజభాష పారశీకం కావడంతో, తన పేరిట రాసిన లెక్క తెలుగు రైతుకు చదవరాలేదు.

అయినా ఒక సంగతి ఈ చరిత్ర స్పష్టంగా చెబుతుంది. పన్ను ఎంత అన్నదొక్కటే ప్రశ్న కాదు. రైతు చేతికీ ఖజానాకూ నడుమ నిలిచినవాడు ఎవరి కూడు తింటున్నాడన్నది అసలు ప్రశ్న. జీతమిచ్చి లెక్క అడగగలిగిననాడే సర్కారు బడికీ బాటకూ ఖర్చు పెట్టగలిగింది. నేడు ప్రజల పని ఏదైనా గుత్తకిచ్చేటప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ వేసుకోవడం మంచిదనిపిస్తుంది.

మీ ఇళ్లలోని పాత దస్తావేజుల్లో ‘తాలూకాదారు’ కనబడితే, ఏ అర్థంలో వాడారో దయచేసి తెలియజేయండి.