తొట్లకొండ: నీటితొట్లు, నాణేలు, కంచె వెలుపలి రాళ్లకుప్పలు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే సముద్రతీర రహదారి సెలవు రోజుల్లో వాహనాలతో నిండిపోతుంది. ఋషికొండ ఇసుకతీరం దాటి మంగమారిపేట సమీపించేసరికి ఎడమవైపు కొండలు రోడ్డుకు దగ్గరవుతాయి. వాటిలో ఒకదానిపై, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున, తొట్లకొండ సంఘారామం ఉంది. సందర్శకుల్లో చాలామంది పైనుంచి కనిపించే సముద్రం కోసమే కొండ ఎక్కుతారు. అందులో ఆక్షేపించవలసింది లేదు. రెండు వేల సంవత్సరాల క్రితం ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న భిక్షువులూ సముద్రానికి అభిముఖంగా ఉన్న కొండనే ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు మాత్రం వాడుకలో ఉన్న సమాధానం మరీ సులువైనది: ఇది నావికులకు, వర్తకులకు విడిది అని.

1976లో నౌకాదళ అవసరాల కోసం జరిగిన వైమానిక సర్వేలో ఈ స్థలం వెలుగులోకి వచ్చింది. 1978లో దీనిని రక్షిత కట్టడంగా ప్రకటించారు. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో మహాస్తూపం, 16 ఉద్దేశిక స్తూపాలు, రాతిస్తంభాల సమావేశ మండపం, చాపాకార, వృత్తాకార చైత్యగృహాలు, 10 విహారాలు, వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. క్రీ.పూ. 3వ శతాబ్ది నుంచి సుమారు క్రీ.శ. 3వ శతాబ్ది దాకా ఇక్కడ సంఘజీవనం సాగిందని భావిస్తున్నారు.

కొండకు పేరు తెచ్చినవి ఈ కట్టడాలేవీ కావు. రాతిలో తొలిచిన 11 నీటితొట్లు. సమీపంలోని బావికొండకూ బావుల వల్లనే ఆ పేరు వచ్చింది. భీమిలి వద్ద పావురాలకొండపై 16 తొట్లున్నాయి. స్తూపం ఎవరిదో, విహారం దేనికో మరచిపోయిన తరాల వారు కూడా నీరు నిలిచే చోటును మరచిపోలేదు. గ్రామనామాలు, కొండల పేర్లు పరిశీలించేవారు గమనించవలసిన విషయమిది.

ఈ తొట్లే సంఘారామ జీవితాన్ని నిర్ణయించాయని చెప్పవచ్చు. ఈ తీరంలో నైరుతి ఋతుపవనాల వానలు, ఆ వెంటనే అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలు పడ్డాక వేసవి ముగిసేదాకా నమ్మదగిన వర్షం ఉండదు. వర్షావాసపు మూడు నెలల్లో నీటికి కొరత ఉండదు. పరీక్ష మిగిలిన కాలానిదే. కొండశిఖరంపై విహారాలు కట్టి, వాటిలో ఏడాది పొడుగునా నివసించాలంటే వాననీటిని పట్టి దాచడం తప్పనిసరి. అంటే తొట్లు తొలిచినవారు వర్షాకాలపు తాత్కాలిక బసను కాక, స్థిరనివాసాన్ని ఉద్దేశించారన్నమాట.

వంటశాల మరో ప్రశ్న లేవనెత్తుతుంది. నిత్యం గ్రామంలో పిండపాతానికి వెళ్లే భిక్షువుకు విహారంలో వంటశాలతో అంతగా పని ఉండదు. ఆహారాన్ని నిలవ చేయడానికి వినయపిటకంలోని మహావగ్గం నాలుగు విధాల కప్పియభూములను అనుమతించింది. తొట్లకొండ వంటశాలను ఆ నియమం వెలుగులో చూడాలి. ధాన్యం ఇక్కడికే చేరేది. తెచ్చేవారూ, వండేవారూ ఉండేవారు. మరి వారెవరు?

వర్తకులే అన్న వాదానికి ఆధారంగా నాణేలను చూపుతారు. తవ్వకాల్లో 9 శాతవాహన సీసపు నాణేలు, 5 రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్ర వాణిజ్యంతో సంబంధం ఉన్నదనడానికి ఇవి చాలు. కానీ సుమారు ఆరు శతాబ్దాల సంఘజీవనాన్ని 14 నాణేలపై నిలబెట్టడం సాహసమే. ఒక ఓడ యజమాని ఇచ్చిన కానుక అయిదు నాణేలను మిగల్చగలదు. నిత్యం వంటశాలకు చేరిన ధాన్యం ఏ ఆనవాలూ మిగల్చదు.

ఈ సందర్భంలో లార్స్ ఫోగెలిన్ పరిశోధన విలువైనది. ఆయన తవ్వకాలను కాక చుట్టుపక్కల నేలను పరిశీలించారు. సంఘారామం వెలుపల కొండవాలులపై వందలాది చిన్న రాళ్లకుప్పలను నమోదు చేసి, వాటిని అంత్యక్రియలకు సంబంధించిన నిర్మాణాలుగా అర్థం చేసుకున్నారు; 2006లో వెలువడిన గ్రంథంలో ఈ పరిశీలనను విస్తరించారు. మహాస్తూపానికి సమీపంలో తమవారి స్మృతిచిహ్నాలను నిలుపుకున్నవారు ఒక రాత్రి బస చేసి వెళ్లే నావికులు కాకపోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ల వారనుకోవడమే సహజం. స్తూపాన్ని అంటిపెట్టుకున్న ఈ స్థానిక సమాజం పర్యాటక కరపత్రాల్లో ఎక్కడా కనిపించదు. ఓడలు, రోము అంటే చదివేవారికి ఉత్సాహం కలుగుతుంది గనుక కాబోలు!

సంఘారామ విస్తీర్ణాన్ని సాధారణంగా 120 ఎకరాలుగా చెబుతారు. కట్టడాల వరకు ఆ లెక్క సరిపోవచ్చు. రాళ్లకుప్పలను కలుపుకొంటే అది చాలదు. తీరభూమి విలువ పెరిగేకొద్దీ కంచె ఎక్కడ వేయాలన్నది పురావస్తు ప్రశ్నగా మిగలడం లేదు. కంచె లోపల కూడా పరిస్థితి నిశ్చింతగా లేదు. ఈ కొండలు ఖొండలైటు శిల. గాలికీ వానకూ త్వరగా పిప్పి అయ్యే రాయి. 2019 అక్టోబరులో భారీ వర్షాలకు మహాస్తూపంలో ఒక భాగం కూలిపోయింది. అయితే స్తూపం కూలితే పత్రికల్లో వస్తుంది, మరమ్మతుకు ఆదేశాలు వెలువడతాయి. రాళ్లకుప్పలకు ఆ రక్షణ కూడా లేదు. చదును చేసే యంత్రం నడిపేవానికి అవి పొలంగట్టున పోగేసిన రాళ్ల కంటే భిన్నంగా కనిపించవు. కొత్త దారికి, వాహనాల నిలుపు స్థలానికి కొలతలు తీసుకునే ముందు ప్రతి కుప్పనూ పటంపై గుర్తించి, సంఖ్య వేసి, ఛాయాచిత్రం తీయడం కొద్ది నెలల పని.