వంకాయకు ముళ్ళ చుట్టాలు

వినాయక చవితి నాడు ఇరవై ఒక్క ఆకులతో పూజ చేస్తాం కదా. మొదటిది మాచీపత్రం, రెండోది బృహతీపత్రం. పుస్తకం చూసి మంత్రం చదివే పని నాదే కాబట్టి ఏటా ఆ పేరు నా నోట వస్తుంది. కానీ పత్రి కట్టలో బృహతి ఏదో చూపించమంటే మనలో ఎంతమంది చూపించగలం? బజారులో అమ్మే కట్టలో ఏ ఆకు దొరికితే ఆ ఆకు వేసి కానిచ్చేస్తాం. పూజకు ఫర్వాలేదు, దేవుడు సర్దుకుంటాడు. మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సర్దుబాటు కుదరదు. ఈ బృహతి కథ చదువుతూ పోతే నాకు అర్థమైంది అదే.

బృహతి అంటే ములక. మన వంకాయకు దగ్గర చుట్టం. పూవు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, అదే ఊదా రంగు, మధ్యలో అదే పసుపు. నిటారుగా పొదలా పెరుగుతుంది, ఒళ్ళంతా ముళ్ళు, చిన్న చిన్న గుండ్రటి కాయలు. దీని చెల్లెలు వాకుడు. నేలవాకుడు, నేలములక అని కూడా అంటారు, సంస్కృతంలో కంటకారి. ఇది నేల మీద పరుచుకుని పాకుతుంది. ఆకు మీద కూడా పొడుగాటి ముళ్ళు ఉంటాయి. కాయ పచ్చగా ఉన్నప్పుడు తెల్ల చారలతో బుల్లి పుచ్చకాయలా కనబడుతుంది, పండితే పసుపు. ఊళ్ళలో బాటల పక్కన, బీడు భూముల్లో చెప్పులు లేకుండా తిరిగిన వాళ్ళకి దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. దీనికి వ్యాఘ్రి, అంటే ఆడపులి అని ఇంకో పేరు. ఆ ముళ్ళు చూసినవాళ్ళు ఎందుకని అడగరు.

ఈ అక్కచెల్లెళ్ళిద్దరికీ మన వైద్యంలో చాలా పాత చోటు ఉంది. చరక సంహితలో గొంతుకు మేలు చేసే పది మూలికలను ఒక జట్టుగా చెప్పారు. అందులో ద్రాక్ష, పిప్పలి, అతిమధురంతో పాటు బృహతి, కంటకారి రెండూ ఉన్నాయి. దశమూలాల్లోనూ ఇద్దరూ ఉన్నారు. మారేడు లాంటి పెద్ద చెట్ల వేళ్ళు 5, పల్లేరు లాంటి చిన్న మొక్కల వేళ్ళు 5 కలిపితే దశమూలం. బాలింతలకు దశమూలారిష్టం పట్టించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అంటే పేరు తెలియకపోయినా మనలో చాలామంది ఈ ముళ్ళ మొక్కల సారం గుక్కెడైనా తాగినవాళ్ళమే. అయితే ఒక్కటి గమనించాలి. దశమూలంలో వాడేది వేరు. కాయ కాదు. ఏ భాగం, ఎంత, దేనితో కలిపి, ఎవరికి అన్నది ఆ పాత వైద్యంలో మందు పేరుతో పాటే వచ్చేది.

తర్వాత ఈ మొక్కల పేర్లు దేశాలు తిరిగాయి. 1753లో లిన్నేయస్ మొక్కలన్నిటికీ రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు మన వాకుడికి సొలానం వర్జీనియానం అన్నాడు. పుట్టిల్లు ఆసియా, ఇంటిపేరు అమెరికాలోని వర్జీనియా! 1768లో బర్మన్ అనే ఆయన సూరత్ ఊరి పేరు మీద సొలానం సురత్తెన్సె అన్నాడు. పసుపు కాయలది అనే అర్థంలో సొలానం క్సాంథోకార్పం అని మరో పేరు కూడా వచ్చింది. మందుల పుస్తకాల్లో మూడూ కనిపిస్తాయి, మూడూ మన వాకుడే. మన కాకినాడ దగ్గరి సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు పెంచి, బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ మాత్రం మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ఆయన పోయాక 1832లో అచ్చయిన ఫ్లోరా ఇండికాలో ఆ తెలుగు పేర్లు కనిపిస్తాయి.

ఇక మూడో చుట్టం ఉస్తికాయ. చిత్తూరు వైపు ఉస్తికాయ పులుసు తెలియని ఇల్లు ఉండదు, తమిళులు సుండక్కాయ అంటారు, ఎండబెట్టి వేయించుకుంటారు. తెల్ల పూలు, గుత్తులుగా పచ్చటి కాయలు. ఇది తరతరాల నాటి మన కాయ అనే మనమంతా అనుకుంటాం. కానీ దీని సొంత ఊరు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు, కరీబియన్ దీవులు. 1788లో స్వార్ట్జ్ దీనికి సొలానం టార్వం అని పేరు పెట్టింది కూడా జమైకాలో చూసిన మొక్కకే. మిరపకాయలాగే ఇదీ సముద్రం దాటి వచ్చి మన వంటింట్లో స్థిరపడిపోయింది. కాబట్టి చరకుడు చెప్పిన బృహతి ఇది అయ్యే అవకాశమే లేదు. అయినా పచారీ మూలికల కొట్లలో బృహతి వేరు పేరుతో ఉస్తి వేరు, అడవి వంగ వేరు కూడా అమ్ముడవుతుంటాయి. ఎండి ముక్కలైన వేరు చూసి ఏది ఏదో చెప్పడం మన వల్ల కాదు.

వాకుడుకు ఇంకో వాడకం ఉండేది, పిప్పిపన్నుకు పొగ పట్టడం. మా నాయనమ్మ చేయగా నేను చూశాను. ఎర్రగా కాల్చిన గరిట మీద ఎండిన వాకుడు గింజలు, కాస్త నెయ్యి వేసి, ఆ పొగ గొట్టంతో నోట్లోకి పట్టేది. పన్నులో పురుగులు రాలిపోతాయని నమ్మకం. ఇది మన ఒక్కళ్ళ నమ్మకమే కాదు. యూరప్‌లో కురసాని వాము గింజలతో ఇదే పని చేసేవాళ్ళు. 1597లో జాన్ జెరార్డ్ అనే ఇంగ్లీషాయన తన మూలికల పుస్తకంలో దీని గుట్టు రాశాడు. వాద్యం తీగ ముక్కలు నీళ్ళలో వేసి, ఇవిగో నీ నోట్లోంచి రాలిన పురుగులు అని చూపించి డబ్బులు పుచ్చుకునేవారట! పన్ను పుచ్చేది పురుగు వల్ల కాదని, నోట్లోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చడం వల్లనని 1890లో మిల్లర్ వివరించాడు. మా నాయనమ్మకి ఆ సంగతి ఎవరు చెప్తారు? ఆవిడకి తెలిసినంతలో మనవడి ఏడుపు ఆపాలని చూసింది.

ఈ కుటుంబంలో మందూ విషమూ ఒకే చోట కాపురం ఉంటాయి. 1820లో దెఫోస్ అనే ఫ్రెంచి మందుల తయారీదారు కామంచి పళ్ళ నుంచి సొలనిన్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. పచ్చబడిన బంగాళాదుంపను పారేయమని చెప్పేది ఈ సొలనిన్ వల్లే. ఈ జాతి పదార్థాలు ఒంటి బరువు కిలోకి 2 నుంచి 5 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. మరగబెడితే విరిగిపోయేవి కావు ఇవి. కషాయం ఎంతసేపు కాచాం అన్నది ఇక్కడ రక్షణ కాదు.

వాకుడు కాయల్లో సొలసోడిన్ అనే ఇంకో పదార్థం దొరుకుతుంది. దీని కథ మన ఆడవాళ్ళకి మరీ దగ్గరిది. గర్భనిరోధక మాత్రల్లో వాడే హార్మోన్లను మొదట్లో మెక్సికోలో దొరికే ఒక అడవి దుంప నుంచి తయారుచేసేవారు. ఆ దుంప ప్రియమయ్యాక ప్రత్యామ్నాయం వెతుకుతూ ఈ వంగ కుటుంబం మీద పడ్డారు. సొలసోడిన్‌ను ఫ్యాక్టరీలో అంచెలంచెలుగా మార్చి హార్మోన్లు చేయవచ్చు. మన దేశంలో కూడా అందుకోసం ఈ జాతిలో ఒక ముళ్ళ మొక్కను సాగు చేశారు. హార్మోన్ తయారీకి ముడిసరుకు అయ్యేంత పదార్థమున్న మొక్కల కుటుంబాన్ని ‘ఉత్త ఆకే కదా’ అని తీసిపారేయగలమా?

మొన్న చలికాలం మా మేనకోడలికి ఐదో నెల. పొడి దగ్గు పట్టుకుని రాత్రిళ్ళు నిద్ర లేదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, వాకుడు పళ్ళు దంచి కషాయం కాచి మూడు పూటలా తాగితే ఎంతటి దగ్గయినా పోతుందని. మా వదిన పళ్ళు తెప్పించి, కాచబోతూ ఫోన్ చేసింది.

“వదినా, ఇది మన పెద్దవాళ్ళు ఇచ్చిందే కదా, ఏం కాదు కదా?”

“పెద్దవాళ్ళు కడుపుతో ఉన్నవాళ్ళకి పళ్ళు దంచి ఇచ్చారా వదినా? నువ్వు చూశావా?”

కాసేపు మాట్లాడలేదు. “లేదు, చూడలేదు” అంది.

కడుపుతో ఉన్న హ్యామ్‌స్టర్లకి, అంటే ఎలుకలాంటి చిన్న జంతువులకి, సొలసోడిన్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పుట్టిన పిల్లల్లో లోపాలు కనబడ్డాయి. మనుషుల్లోనూ అలాగే అవుతుందని దాని అర్థం కాదు. కానీ తెలిసి తెలిసి ఐదో నెలలో ఆ సాహసం ఎందుకు చేయాలి? అదే చెప్పాను. మర్నాడు వదిన అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

అలాగని వాకుడు దగ్గు మందు అనేది ఉత్త మాట కాదు. 1999లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో ఉబ్బసం ఉన్నవాళ్ళకి 300 మిల్లీగ్రాముల వాకుడు పొడి ఒక్క మోతాదు ఇచ్చి, రెండు గంటల తర్వాత ఊపిరి కొలిచారు. మెరుగైంది. అయితే సాల్బుటమాల్, డెరిఫిలిన్ అంత కాదు. అంటే పెద్దవాళ్ళ మాటలో నిజం ఉంది, దానికో హద్దూ ఉంది. ఆయాసంతో ఎగరోజుతున్న పిల్లవాడి ఇన్‌హేలర్ పక్కనపెట్టి కషాయం కాచేంత నిజం మాత్రం కాదు.

తినే కాయతో కూడా ఒక జాగ్రత్త ఉంది. న్యూయార్క్‌లో ఉండే జమైకా వాళ్ళు కొందరు ఎప్పుడూ తినే ఉస్తికాయలే వండుకుని తిని ఆస్పత్రి పాలయ్యారని 2008లో ఒక వైద్య పత్రిక రాసింది. మాట ముద్దగా రావడం, నడక తూలడం, కళ్ళు తిరగడం. ఆ కాయల్లో ఈ విష పదార్థాలు మామూలు కన్నా ఎక్కువ ఉన్నాయని తేలింది. అన్ని కాయలూ ఒకలా ఉండవన్నమాట. ఉస్తికాయ పులుసు మానేయమని నేను చెప్పను, మా ఇంట్లోనూ మానలేదు. ఎప్పుడూ లేనంత చేదుగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా పారేస్తాను. తిన్నాక మాట తడబడినా, నడక తూలినా నిమ్మరసం, మజ్జిగ అంటూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. మిగిలిన కాయలు కూడా పట్టుకెళితే డాక్టరుకి పని సులువవుతుంది.

పత్రిలో బృహతి తర్వాత వరసలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. మూడూ విషాలే. వాటిని కళ్ళకద్దుకుని పూజ చేశాం గానీ ఏ ఇల్లాలూ కూర వండలేదు. ఏది పళ్ళెంలో పెట్టాలో, ఏది పీట ముందు పెట్టాలో మన ముందరివాళ్ళకి తెలుసు. వాట్సాప్‌లో మనకి అందుతున్నది వాళ్ళ మందుల్లో సగమే, ఇంకో సగం వాళ్ళ జాగ్రత్త. అది అందనప్పుడు మొక్కను గుర్తుపట్టగలిగే ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగి, కడుపుతో ఉన్నవాళ్ళకీ పాలిచ్చే తల్లులకీ పసిపిల్లలకీ డాక్టరు సరేనంటేనే ఇవ్వండి. ఈసారి చవితికి ములక కొమ్మ దొరికితే మాత్రం పిల్లలకి చూపించి, ముళ్ళు జాగ్రత్త అని చెప్పండి.