చికాకోల్ బాజీ: ఎవరు దోస్త్, ఎవరు దుష్మన్?

కంప్యూటర్ మీద ఆడే రాజ్యాల ఆటల్లో పక్క రాజ్యం మీద మూడు ముద్రల్లో ఒకటి వేయాలి: దోస్త్, దుష్మన్, లేదంటే ఈ రెండూ కానివాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడినవాళ్ళకి ఇది బాగా తెలుసు. బజారు కట్టుకున్నాక దోస్తుకి మన ఖజానాలోంచి బంగారం పంపవచ్చు, పంపిన ప్రతిసారీ అందులో కొంత కోత పడుతుంది. పొలాలు వేసి, గనులు తవ్వి, కోట కట్టి, ఫౌజు పెంచి గెలవడం ఒక పద్ధతి. మా భాంజాకి ఆ ఓపిక లేదు. ఎచ్చెర్లలో చదువుకునే రోజుల్లో వాడు కనిపెట్టిన హిక్మత్ వేరు. బలమైన ఇద్దరిని ఒకరి మీదకి ఒకరిని ఉసిగొల్పి, ఇద్దరూ అరిగిపోయాక తను దిగుతాడు. "మామూ, దుష్మన్ చావాలి, నా సిపాయి మాత్రం చావకూడదు" అంటాడు.

నిజం తారీఖ్‌లో ఇలా ఆడి గెలిచినవాళ్ళు ఉన్నారా అని వాడు అడిగితే ఏ మకియవెల్లీ దగ్గరికో, చెంఘిజ్ ఖాన్ దగ్గరికో పోనక్కర్లేదు. ఎచ్చెర్ల నుంచి బయల్దేరి నాగావళి దాటితే శ్రీకాకుళం. ఉర్దూ, ఫార్సీ కాగితాల్లో అదే చికాకోల్. అక్కడ సిక్కాల సంచీ విప్పేవారు కాబట్టి "సిక్కా ఖోల్" అయిందని మావైపు ఒక కథ చెబుతారు. నేను నమ్మను. శ్రీకాకుళం అని నోరు తిరగనివాళ్ళు చికాకోల్ అన్నారు, అంతే. గోల్కొండ ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊళ్ళో ఉంది. గోల్కొండ పోయి ఔరంగజేబు, ఆ తర్వాత నిజాం వచ్చినా చికాకోల్ సర్కార్ అనే పేరు పోలేదు. 1753 నుంచి పదమూడేళ్ళ పాటు ఈ సర్కార్ మీద నడిచిన బాజీ లాంటిది ఏ ఆటలోనూ చూడలేదు.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. టీ కొట్టు దగ్గర బొబ్బిలి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నావైపు తిరిగి "మీ నవాబులేటి, ఫ్రెంచోళ్ళని తెచ్చి బొబ్బిలిని కాల్చేసినారు కదేటి" అంటారు. కోపంతో అనరు, దోస్తానాతోనే అంటారు. కానీ ఆ "మీ" ఉంది చూశారూ, అది గుచ్చుకుంటుంది. అందుకే ఎవరు ఎవరివైపు నిలబడ్డారో వరసగా చెబుతాను.

హైదరాబాద్ గద్దె మీద ఉన్న సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీ బలంతో ఆ గద్దె ఎక్కినవాడు. బుస్సీ ఫౌజుకి నెలనెలా తన్‌ఖా ఇవ్వాలి, ఖజానా ఖాళీ. దాంతో 1753లో నాలుగు సర్కార్లు, అంటే ముస్తఫానగర్ (మన కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోల్, ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. వసూలు మీరే చేసుకోండి, తన్‌ఖా మీరే తీసుకోండి అని సనద్. నా లెక్కలో మొత్తం బాజీ ఇక్కడే పోయింది. డబ్బిచ్చి తెచ్చుకున్న దోస్తుని, డబ్బు ఆపేస్తే పంపించేయవచ్చు. తన్‌ఖా బదులు నేల రాసిచ్చిన దోస్తుని పంపలేం. అలాంటివాడు ఇంట్లో కిరాయికి వచ్చి మాలిక్ అవుతాడు.

అప్పుడు చికాకోల్ ఫౌజ్‌దార్ జాఫర్ అలీ ఖాన్. సనద్ చూపించగానే తాళాలు ఇచ్చే రకం కాదు. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుతో ఇత్తెహాద్ కట్టి ఫ్రెంచివాళ్ళకి అడ్డం నిలవాలని చూశాడు. నిజాం ముస్లిం ఫౌజ్‌దార్, హిందూ రాజు ఒకవైపు. నిజాం హుకుం చేతపట్టుకున్న ఫ్రెంచివాళ్ళు ఇంకోవైపు. ఆ కూటమిని మచిలీపట్నంలో ఉన్న ఫ్రెంచి అధికారి మొరాసిన్ ఒక్క తుపాకీ పేలకుండా చీల్చేశాడు. చికాకోల్, రాజమహేంద్రవరం సర్కార్లని తక్కువ రేటుకి విజయరామరాజుకి ఇజారా ఇస్తానన్నాడు. ఇజారా అంటే గుత్త: ఇంత కడతాను అని ఒప్పుకుని పైన మిగిలింది తినడం. రాజు అటు తిరిగాడు. జాఫర్ అలీ ఒంటరి అయ్యాడు.

ఒంటరి అయినవాడు దూరపు బలవంతుణ్ణి పిలుస్తాడు. జాఫర్ అలీ నాగపూర్ మరాఠాలని, రఘూజీ భోంస్లే ఫౌజుని పిలిచాడు. 1754లో వాళ్ళు కొండలు దిగి వచ్చి రాజుని ఓడించారు, ఊళ్ళు దోచారు. భీమునిపట్నంలో డచ్చివాళ్ళ కోఠీని కూడా వదల్లేదు. మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకి కావాల్సింది దోపిడీ, జాఫర్ అలీకి కావాల్సింది సర్కార్. ఒకే యుద్ధంలో దిగిన ఇద్దరికి గమ్యం వేరైతే ముందు సంతృప్తి పడినవాడు ముందు వెళ్ళిపోతాడు. ఫౌజ్‌దార్ చేతిలో ఏమీ మిగల్లేదు. మీర్ జాఫర్ పేరు బడిపిల్లలకి కూడా తెలుసు. మా జిల్లా జాఫర్ అలీ పేరు మా జిల్లాలోనే ఎవరికీ తెలీదు.

ఇక విజయరామరాజు. ఈయన ఆట మా భాంజా ఆటే. 1756లో సలాబత్ జంగ్‌కీ బుస్సీకీ చెడింది. బుస్సీని కొలువులోంచి తీసేశారు, హైదరాబాద్‌లో ముట్టడించారు. ఉత్తరాన ఉన్న జమీందార్లు చాలామంది ఇదే మౌకా అని కప్పం ఎగ్గొట్టారు. విజయరామరాజు మాత్రం ఫ్రెంచివాళ్ళని వదల్లేదు. బుస్సీ నిలదొక్కుకుని రాజమహేంద్రవరం వచ్చేసరికి సొంత ఫౌజుతో ఎదురెళ్ళి కలిశాడు. కష్టకాలంలో చూపిన ఆ వఫాదారీకి అడిగిన ధర బొబ్బిలి.

బొబ్బిలి రంగారావుకీ విజయనగరానికీ సరిహద్దు తగాదా, నీటి తగాదా, వంశాల పంతం అన్నీ ఉన్నాయి. బుస్సీకి బొబ్బిలితో సొంత వైరం ఏమీ లేదు. ఈ భూములు వదిలి వేరే చోట తీసుకో అని రంగారావుకి కబురు పెట్టాడు కూడా. ఆ మధ్యలో బొబ్బిలి అడవిలోంచి పోతున్న సిపాయీల దళం మీద దాడి జరిగింది. కంపెనీ తారీఖ్ రాసిన రాబర్ట్ ఓర్మ్ మాటని బట్టి ఆ దాడి వెనక విజయరామరాజు చెయ్యే ఉందని అప్పుడే అనుకున్నారు. బుస్సీ దివాన్ హైదర్ జంగ్ (అసలు పేరు అబ్దుల్ రహమాన్) కూడా రాజు మాటే విన్నాడు. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి ఖిల్లా ముందు నిలబడ్డాయి. తర్వాత జరిగింది మీకు తెలుసు. కోట నిలవదని తేలాక లోపలివాళ్ళు తమ స్త్రీలనీ పిల్లలనీ తామే చంపుకుని, ఇళ్ళకి నిప్పు పెట్టి, వచ్చి పోరాడి చనిపోయారు. రాజు కొడుకు, చిన్న పిల్లవాడు, ఒక్కడు బయటపడ్డాడు. మూడు రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు మనుషులతో డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు.

ఆ టీ కొట్టు మాటకి నా జవాబు ఇదే. బొబ్బిలి మీదకి వచ్చిన ఫౌజులో ఫ్రెంచి క్రైస్తవులు, ముస్లిం దివాన్, హిందూ రాజు, అన్ని కులాల సిపాయీలు ఉన్నారు. నిజాం పేరు ఫర్మానా మీద ఉంది, కోరిక విజయనగరానిది, ఫిరంగి పుదుచ్చేరిది. హైదర్ జంగ్‌ని నేను సమర్థించను, ఆ చిచ్చులో అతని హిస్సా ఉంది. కానీ "మీ" అన్న మాటలో ఇంతమంది ఎలా పడతారు?

విజయరామరాజు ఆటలో లోపం నాకు ఒకటే కనిపిస్తుంది. దుష్మన్‌ని పరాయి ఫౌజు చేత చంపించాడు. సిపాయీలు తక్కువే ఖర్చయ్యారు. కానీ బొబ్బిలి పోయాక బుస్సీకి విజయనగరంతో పని తగ్గింది. రఖీబ్ బతికి ఉన్నంతకాలమే పెద్ద దోస్తు మన మాట వింటాడు.

గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజు దీని రుచి వెంటనే చూశాడు. ఫ్రెంచివాళ్ళు పాత రాజుకి ఇచ్చిన మర్యాద ఈయనకి ఇవ్వలేదు, బకాయి లెక్కలు తీశారు. 1757 జూన్ చివర్లో బుస్సీ విశాఖపట్నం వెళ్ళి ఇంగ్లీషువాళ్ళ కోఠీని పట్టుకున్నాడు. అదే వారంలో బెంగాల్‌లో క్లైవ్ ప్లాసీ గెలిచాడు. 1758లో లాలీ పిలుపు మీద బుస్సీ దక్షిణానికి పోయాడు, కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. అదే మౌకా అనుకుని ఆనందరాజు విశాఖ మీద పడి ఫ్రెంచివాళ్ళని తరిమేసి, ఇంగ్లీషువాళ్ళకి కబురు పంపాడు. మద్రాసు కాదంది. క్లైవ్ సరే అన్నాడు. లాలీ మద్రాసు మీదకి పోతున్నాడు, ఇక్కడ నిప్పు పెడితే అక్కడ ఫ్రెంచివాళ్ళకి బలం తగ్గుతుంది. కర్నల్ ఫోర్డ్ ఐదు వందల తెల్లవాళ్ళతో, రెండు వేల సిపాయీలతో ఓడల్లో వచ్చి విశాఖలో దిగాడు.

కశింకోటలో ఒప్పందం కుదిరింది. ఫౌజు ఖర్చు రాజుది. గెలిచిన లోపలి దేశం రాజుది, సముద్రం ఒడ్డు రేవులు కంపెనీవి. చదివి రాజుగారు సంతోషించే ఉంటారు: నేలంతా నాదే, ఇసుక వాళ్ళది. కంపెనీకి కావాల్సింది ఆ ఇసుకే. ఓడ వచ్చే చోటు చేతిలో ఉంటే ఓడినా పోవచ్చు, బలం తెచ్చుకుని మళ్ళీ రావచ్చు. రాజుకి పారిపోయే సముద్రం లేదు.

1758 డిసెంబర్‌లో పెద్దాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం. ఫోర్డ్ తెల్ల ఫౌజు జొన్న చేను చాటున నిలబడింది. పక్కన ఎర్ర కోట్లు వేసుకున్న సిపాయీలని చూసి వాళ్ళే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు అటు మళ్ళారు, చేను వెనకనుంచి దెబ్బ తిన్నారు. గెలిచాక రాజు డబ్బు ఇవ్వడానికి తాత్సారం చేశాడు, ఫోర్డ్ వారాల తరబడి కదల్లేకపోయాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి మచిలీపట్నం ఖిల్లా మీద పడేనాటికి అతని సిపాయీలకి తన్‌ఖా బకాయి, వెనక కొన్ని మజిలీల దూరంలో సలాబత్ జంగ్ పెద్ద ఫౌజు. ఖిల్లా తెల్లారేసరికి పడింది. ఫ్రెంచివాళ్ళకి సాయంగా బయల్దేరిన సలాబత్ జంగ్ మే నెలలో ఇంగ్లీషువాళ్ళతో రాజీ రాసుకుని, మచిలీపట్నం ఇచ్చేసి, ఫ్రెంచివాళ్ళని దక్కన్‌లో ఉండనివ్వనని మాట ఇచ్చాడు. తమ్ముడు నిజాం అలీ అతన్ని గద్దె దించాడు, 1763లో బీదర్ ఖైదులోనే చచ్చాడు. ఆనందరాజు 1760లోనే మశూచితో పోయాడు.

1765లో క్లైవ్ ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర సర్కార్ల మీద ఫర్మానా సంపాదించాడు. పాదుషాకి ఇక్కడ ఒక్క చౌకీదారు కూడా లేడు, కానీ కాగితం కాగితమే. మరుసటి ఏడాది నవంబర్‌లో నిజాం అలీతో సుల్‌హ్ కూడా చేసుకున్నారు. చికాకోల్ కంపెనీకి పోయింది.

కంపెనీ విజయనగరం లాగా ఆడలేదు. విజయనగరం చిన్న జమీందార్లని అణుస్తూ పోతుంటే చాలాకాలం చూస్తూ ఊరుకుంది. వాళ్ళకి బలం పెరిగి, బకాయి పెరిగాక లెక్క అడిగింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన్న విజయరామరాజు సర్దార్లతో సహా కంపెనీ తుపాకులకి పడిపోయాడు. ఆ తర్వాత బొబ్బిలి మంటల్లోంచి బతికి బయటపడ్డ ఆ పిల్లవాడిని, అప్పటికి నడివయసు దాటిన చిన రంగారావుని, కంపెనీయే తీసుకొచ్చి బొబ్బిలి గద్దె మీద కూర్చోబెట్టింది.