జీలుగు కల్లు

'''జీలుగు కల్లు''' తూర్పు కనుమలలోని గిరిజనులు జీలుగు చెట్టు నుండి సేకరించే పులిసిన పానీయం. అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి ప్రాంతాలలో ఇది వాడుకలో ఉంది. ఈ ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి.

== చెట్టు ==

జీలుగు అరెకేసి కుటుంబానికి చెందినది. దీని శాస్త్రీయ నామం కారియోటా యూరెన్స్. లాటిన్‌లో 'యూరెన్స్' అనగా మండించునది. దీని పండ్ల గుజ్జు తగిలితే చర్మం దురద పెడుతుంది. ఆకులు చేప తోకను పోలి ఉంటాయి. మొదటి పూగెల చెట్టు తలపై పుడుతుంది. తరువాతి గెలలు క్రమంగా కిందికి వస్తాయి. చివరి గెల కాయలు పండిన తరువాత చెట్టు చనిపోతుంది. కావున ఒక చెట్టు నుండి కల్లు లభించే కాలం కొన్ని సంవత్సరాలే. కొత్త మొక్కలు ఎదగనిచో కల్లుకు ఆధారమే ఉండదు.

== తయారీ ==

వెదురు బొంగును నిచ్చెనగా కట్టి చెట్టెక్కుతారు. పూగెల కొనను రోజూ పలుచగా చెక్కి, కారే రసాన్ని కుండలో గాని ఆనపకాయ బుర్రలో గాని పడతారు. తాజా రసం తియ్యగా ఉంటుంది. గాలిలోను, పాత్రలోను ఉండే ఈస్టు అందులోని చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చుతుంది. నురగకు ఈ వాయువే కారణం.

బీరు తయారీలో బార్లీ గింజలను మొలకెత్తించి, వాటి పిండిపదార్థాన్ని ముందుగా చక్కెరగా మార్చాలి. కల్లుకు ఆ అవసరం లేదు. అయితే బీరు వలె ఇది నిలువ ఉండదు. గంటలు గడిచేకొద్దీ ఆమ్లాలు పెరిగి పుల్లబడుతుంది. అందుచేత దూరపు పట్టణాలకు తరలించడం కష్టం.

== చరిత్ర ==

19వ శతాబ్దంలో మద్రాసు ప్రభుత్వం గోదావరి మన్యంలో ఇంటి అవసరాలకు కల్లు గీసుకోవడాన్ని సైతం నిషేధించి, కల్లు రాబడిని గుత్తకిచ్చింది. గుత్తేదారుల వసూళ్ళకు తోడు రంప మన్సబుదారు 'చిగురుపన్ను' విధించాడు. ఈ భారం, పోలీసుల వేధింపులు కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటుకు దారితీశాయి. అది విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకు, భద్రాచలం వద్ద రేకపల్లికి వ్యాపించింది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర నాయకులలో ముఖ్యులు. వీరిద్దరూ 1880లో మరణించారు. అనంతరం మన్సబుదారీ రద్దయింది.

1922-24 నాటి మన్యం పోరాటానికి నాయకత్వం వహించిన అల్లూరి సీతారామరాజు మాత్రం గిరిజనులను మద్యపానం మానవలసిందిగా ప్రబోధించాడు. ఈ విధంగా ఒకే ప్రాంతంలో కల్లు ఒకసారి హక్కుగాను, మరొకసారి విడువవలసిన అలవాటుగాను పరిగణింపబడింది.

== పర్యాటకం ==

విశాఖపట్నం నుండి అరకు సుమారు 115 కి.మీ. దూరంలో ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో నిర్మించిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం అరకు మీదుగా సాగుతుంది. ఈ రైలులోను, అనంతగిరి ఘాట్ రోడ్డు మీద బస్సులలోను సందర్శకులు బృందాలుగా వస్తారు. కల్లు నిలువ ఉండదు గనుక, రుచి చూడగోరే వారు చెట్టున్న చోటికే వెళ్ళవలసి ఉంటుంది.

== ఇవి కూడా చూడండి ==

* తాటి కల్లు
* రంప తిరుగుబాటు
* అరకులోయ